విదేశంలో పిల్లలకు ఇంగ్లీషు, బైబిల్ చెప్పడానికి వెళ్తున్నాను – వీసా ఫారంలో ఏం రాయాలి?

కోనసీమ చెల్లి

అందరికీ వందనాలండి. రాత్రి పది నుంచి తెల్లవారుజామున మూడింటి దాకా వీసా ఫారం ముందే కూర్చున్నాను, ఒక్క పేజీ దాటలేకపోయాను. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయి నింపిందంతా మళ్ళీ మొదటికొచ్చింది. ఏడుపొక్కటే తక్కువ.

పిల్లలకు ఇంగ్లీషూ బైబిలూ చెప్పడానికి నన్ను రెండేళ్ళకు పిలిచారు. మా సంఘంలో తొమ్మిదేళ్ళుగా సండే స్కూల్ చెప్తున్నాను, వేసవిలో వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి) అంతా నేనే చూసుకుంటాను. డిగ్రీ ఉంది, డి.ఎడ్. కూడా చేశాను. ఫారంలో నాన్ ఇమ్మిగ్రెంట్ అని, దాని పక్కన బి, ఓ, ఆర్ అని అక్షరాలు వస్తున్నాయి. ఒక్కోదానికి ఒక్కో రకం కాగితాలు అడుగుతోంది. పిలిచినవాళ్ళకు మెయిల్ పెడితే "ముందు టూరిస్టుగా వచ్చెయ్యండి, ఇక్కడ మార్పిద్దాం" అన్నారు. సర్టిఫికెట్లకు అపొస్తల్ ముద్ర కావాలంటున్నారు, అదెక్కడ వేస్తారో తెలియదు. వచ్చే ఆదివారమే సంఘంలో నాకు వీడ్కోలు కూడిక పెట్టేశారు. టెన్షన్‌తో అన్నం సహించట్లేదు. ఈ ఫారం నింపినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

సూటి మాట

ఏ దేశం? పాస్‌పోర్టు ఎప్పుడు తీసింది? ఈ రెండూ చెప్పకుండా అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు.

నరసాపురం మాస్టారు

అమ్మాయ్, నీ పిలుపు సంగతి చదివి కళ్ళు చెమర్చాయి. ఒక్క మాట చెప్పనీ. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే మిషనరీ గారి వెంట విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు ఇంగ్లండులోని డెవన్ నుంచి భార్యలతో సహా ఓడెక్కారు. చివరికి మన పాలకొల్లు, నరసాపురాల్లో కాపురం పెట్టారు. గోదావరి డెల్టా మిషన్ అని మనం చెప్పుకునేది అక్కడే మొదలైంది. నెలనెలా జీతం పంపే సొసైటీ ఏదీ వాళ్ళ వెనక లేదు. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో, పూర్తయింది 1852లో. అంటే వాళ్ళు వచ్చేనాటికి ఈ పచ్చటి పొలాలూ లేవు, ఈ కాలువలూ లేవు. 1833 నాటి కరువు ఇంకా జనం నోళ్ళలోనే ఉంది.

అలాంటి చోటికి వచ్చి ముందు చేసిన పని తెలుగు నేర్చుకోవడం. నువ్వు ఇంగ్లీషు నేర్పుతానంటున్నావు, బాగుంది. కానీ ముందు ఆ పిల్లల భాష నేర్చుకో. వాళ్ళమ్మ వాళ్ళను ఏ మాటతో జోకొడుతుందో ఆ మాటలో యేసయ్య పేరు చెప్పు. వీసా దానంతటదే వస్తుంది.

సూటి మాట

వీసా దానంతటదే రాదు మాస్టారూ. సరైన ఫారం నింపితే వస్తుంది.

కువైట్ నుంచి వచ్చిన అన్న

చెల్లీ, ఆ టూరిస్టు మాట వినొద్దు. పద్నాలుగేళ్ళు గల్ఫ్‌లో ఉన్నాను. మన గోదావరి జిల్లాల ఆడవాళ్ళు విజిట్ వీసా మీద దిగి, "ఇక్కడ మార్పిస్తాం" అన్న మాట నమ్మి ఎన్ని అవస్థలు పడ్డారో కళ్ళారా చూశాను. మా పక్క వీధి పిన్ని ఒకావిడ అలాగే వెళ్ళి, ఏడాదిన్నర బయట తిరగడానికి భయపడి, చివరికి ఎంబసీ దయవల్ల ఇంటికి చేరింది. పని ఇచ్చేవాడు మంచివాడే కావచ్చు, దేవుని సేవకుడే కావచ్చు. పట్టుబడితే లాకప్‌లో ఉండేది మాత్రం నువ్వు. పిలిచినవాళ్ళు కాగితాలు ముందే పంపకపోతే ఎక్కొద్దు. కూడిక వాయిదా వేసుకోవచ్చు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఉత్తరాన పాఠం చెప్పిన అక్క

చెల్లీ, నువ్వు చెప్పిన అక్షరాలను బట్టి అది థాయిలాండ్ అనుకుంటున్నాను. నేను చియాంగ్ రాయ్ వైపు కొండ ఊళ్ళ పిల్లల హాస్టల్లో రెండేళ్ళు పనిచేశాను. కాదంటే చెప్పు, అప్పుడు ఇదంతా నీకు పనికిరాదు.

బి అంటే ఉద్యోగం. స్కూల్లో టీచరుగా పెట్టుకుంటే ఇదే. స్కూలే కాగితాలు పంపాలి, డిగ్రీ అడుగుతారు, అక్కడి టీచర్స్ కౌన్సిల్ అనుమతి సంగతి కూడా స్కూలే చూస్తుంది. ఆర్ అంటే మత సంబంధమైన సేవ. అక్కడ రిజిస్టరైన క్రైస్తవ సంస్థ పిలవాలి, ప్రభుత్వ శాఖ ఒప్పుకున్న ఉత్తరం ఉండాలి. ఓ అనేది చాలా రకాలకు వాడతారు, రిజిస్టరైన ఫౌండేషన్‌లో వాలంటీరుగా వెళ్ళేవాళ్ళకూ ఇదే ఇస్తారు. మూడింటిలో ఏది తీసుకున్నా వర్క్ పర్మిట్ వేరే ఉంటుంది. జీతం లేకపోయినా పని పనే, పర్మిట్ లేకుండా క్లాసులో నిలబడకూడదు.

కాబట్టి ఏ అక్షరం నొక్కాలో తేల్చేది నువ్వు కాదు. నీకు వచ్చిన ఆహ్వాన పత్రం మీద ఎవరి లెటర్‌హెడ్ ఉంది? స్కూలుదా, చర్చిదా, ఫౌండేషన్‌దా? అది చూసి చెప్పు.

పోలీస్ క్లియరెన్స్ కూడా అడుగుతారు. పాస్‌పోర్టు సేవా వెబ్‌సైట్‌లోనే అప్లై చెయ్యాలి, ఫీజు 500 రూపాయలు. పిల్లల దగ్గరకు వెళ్ళేవాళ్ళం కదా, ఆ కాగితం అడగని సంస్థ అయితే నేను రెండుసార్లు ఆలోచిస్తాను.

తెలుగు పదం

చిన్న సవరణ. అది "అపొస్తల్" కాదండి, "అపోస్టిల్". పౌలు, పేతురులకు వాడే అపొస్తలుడు అనే మాటకూ దీనికీ సంబంధం లేదు. ఇది ఫ్రెంచి మాట, కాగితం అంచున రాసే వ్యాఖ్య అని అర్థం. హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య పత్రాలు చెల్లడానికి వేసే ముద్ర. మన దేశం 2005లో అందులో చేరింది. మన విదేశాంగ శాఖ వేస్తుంది, హైదరాబాద్‌లో వాళ్ళ బ్రాంచి ఉంది.

ఇంకో మాట. "మిషనరీ" అనే మాట మనవాళ్ళు ఇష్టం వచ్చినట్టు వాడుతున్నారు. రెండేళ్ళకు వెళ్ళి ఇంగ్లీషు చెప్పేవారిని టీచరు అంటే సరిపోతుంది.

నరసాపురం మాస్టారు

ఎందుకు సరిపోతుందండీ? పంపబడినవాళ్ళందరూ మిషనరీలే. ఆ మాటకు మూలమే పంపడం. ఏళ్ళు లెక్కపెట్టి పేరు పెడతామా?

తెలుగు పదం

పంపబడినవాడు అంటే అపొస్తలుడు కూడా అదే కదండీ. అందుకే జాగ్రత్తగా వాడమంటున్నాను. వీసా ఫారంలో "మిషనరీ" అని రాస్తే ఒక దారి, "టీచర్" అని రాస్తే ఇంకో దారి.

పాలకొల్లు పాఠకుడు

నేను హిందువుని. చాలా రోజులుగా చదువుతున్నాను, ఇవాళ అడగాలనిపించింది. తప్పుగా అనుకోవద్దు. ఇంగ్లీషు నేర్పుతామని పిలిచి బైబిల్ చెప్పడం ఆ తల్లిదండ్రులకు తెలిసే జరుగుతుందా? నేను చదువుకుంది మిషన్ స్కూల్లోనే, నాకు ఏ కోపమూ లేదు. ఉదయం ప్రార్థన ఉంటుందని మా నాన్నకు తెలుసు, తెలిసే చేర్పించాడు. అలా తెలిసి పంపడం వేరు, తెలియకుండా జరగడం వేరు.

ఉత్తరాన పాఠం చెప్పిన అక్క

అన్నయ్యా, ఇది అడగాల్సిన ప్రశ్నే. మా హాస్టల్లో చేర్చేటప్పుడే తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకునేవాళ్ళం. ఇక్కడ రోజూ ప్రార్థన ఉంటుంది, ఆదివారం బైబిల్ కథలు చెప్తాం, ఇష్టం లేకపోతే ఆ గంట పిల్లలు ఆటల్లో ఉండొచ్చు అని వాళ్ళ భాషలోనే రాసి ఉండేది. ఆ దేశంలో నూటికి తొంభై మందికి పైగా బౌద్ధులు. కరెన్ లాంటి కొండ జాతుల్లో క్రైస్తవులు బాగానే ఉన్నారు, అయినా మా దగ్గర సగం మంది పిల్లలు బౌద్ధుల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. ఇంగ్లీషు ఇంగ్లీషు గంటలో, బైబిల్ బైబిల్ గంటలో. రెండూ కలిపి దాచిపెట్టి చెప్పడం ప్రభువుకు కూడా నచ్చదని నా నమ్మకం.

చెల్లీ, అందుకే ఫారంలో కూడా దాచొద్దు అంటున్నాను. రెండు పనులూ చేస్తే రెండూ రాయమని వాళ్ళకు చెప్పు.

అక్కడికెళ్ళాక పనికొచ్చే సంగతులు కొన్ని. వాళ్ళకు మాట చివర ల రాదు, న అవుతుంది. ఫుట్‌బాల్‌ను "ఫుట్‌బోన్" అంటారు. స్కూల్ అనమంటే "సకూన్" అని వస్తుంది. మన పిల్లలు ఇస్కూలు అనడం లాంటిదే, తిట్టకు. అద్దం పట్టుకుని నాలుక ఎక్కడ ఆనుతుందో చూపించేదాన్ని, ఒక్కొక్కరూ అద్దం లాక్కుని చూసుకునేవాళ్ళు. టీచర్ని "ఖ్రూ" అని పిలుస్తారు, అది మన గురువే. భాషను "ఫాసా" అంటారు, అదీ మన భాషే. మాస్టారు చెప్పినట్టు వాళ్ళ మాటలు నేర్చుకో, మనకు తొందరగానే వస్తాయి.

తల మాత్రం ముట్టుకోకు. మొదటి వారం ఒక బాబుకి జ్వరం వస్తే మన అలవాటున తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించబోయాను. వాడు చటుక్కున వంగి వెనక్కి తగ్గాడు, గది అంతా నిశ్శబ్దం. తల వాళ్ళకు పవిత్రం. వంట చేసే ఆవిడ నన్ను పక్కకు తీసుకెళ్ళి చెప్పింది. ఆ తర్వాత వాడి చేతులు పట్టుకుని ప్రార్థించాను.

తప్పిపోయిన గొర్రె కథ చెప్తే వాళ్ళు చూసిన గొర్రె లేదు. గేదె దూడ తప్పిపోతే మీ నాన్న ఏం చేస్తాడు అని అడిగాను. అందరూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు.

నరసాపురం మాస్టారు

అమ్మా, మిగతాదంతా బాగుంది గానీ వాక్యంలో గొర్రె అని ఉంటే గొర్రె అనే చెప్పాలి. దూడ అని మార్చే హక్కు మనకు లేదు.

ఉత్తరాన పాఠం చెప్పిన అక్క

మార్చలేదు మాస్టారూ. గొర్రె బొమ్మ ఫ్లానెల్ బోర్డు మీద పెట్టే చెప్పాను. దూడ మాట అర్థం కావడానికి అడిగిన ప్రశ్న మాత్రమే.

కోనసీమ చెల్లి

క్షమించండి, రెండు రోజులు ఇటు రాలేదు. అవునక్కా, థాయిలాండే. దేశం పేరు రాశాననే అనుకున్నాను. లెటర్‌హెడ్ ఫౌండేషన్‌ది, కానీ పని చేసేది వాళ్ళ స్కూల్లో. స్కూలు మే నెల మధ్యలో మొదలవుతుందట.

పాస్‌పోర్టు ఐదేళ్ళ కిందటిది. అప్పట్లో అమ్మ కువైట్‌లో ఉండేది, నన్నూ పనికి రమ్మంటే ఏజెంటు తీయించాడు. తర్వాత వెళ్ళలేదు. ఇప్పుడు చూస్తే దానిమీద ఈసీఆర్ అని ఉంది. ఇది ఇబ్బందా? నాకు 27 ఏళ్ళు.

సూటి మాట

ఇబ్బందే. మొదటి రోజే అడిగింది ఇందుకే. ఈసీఆర్ అంటే కొన్ని దేశాలకు పనికి వెళ్ళేముందు మన ప్రభుత్వ క్లియరెన్స్ తీసుకోవాలని పాస్‌పోర్టు మీద ఉండే గుర్తు. ఆ దేశాలు 18. గల్ఫ్ దేశాలతో పాటు మలేషియా, ఇండోనేషియా, థాయిలాండ్ కూడా ఉన్నాయి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో 30 ఏళ్ళు నిండని ఆడవాళ్ళకు ఆ దేశాల్లో ఉద్యోగానికి క్లియరెన్స్ ఇవ్వరు. వీసా వచ్చినా మన ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు.

కానీ మీరు పదో తరగతి పాసయ్యారు కదా, మీకు ఈసీఆర్ ఉండకూడదు. అప్పుడు ఏజెంటు మెమో జతచేసి ఉండడు. పదో తరగతి మెమో పెట్టి రీఇష్యూకి అప్లై చెయ్యండి, ఈసీఆర్ తీసేసి కొత్త పుస్తకం ఇస్తారు. 36 పేజీలదానికి ఫీజు 1500. వీసా ఫారం ఆపండి, కొత్త నంబరు వచ్చాకే నింపాలి.

కువైట్ నుంచి వచ్చిన అన్న

నూటికి నూరు పాళ్ళు నిజం. ఏజెంట్లు తొందరలో ఒక్క మెమో పెట్టరు, ఆ తర్వాత జీవితాంతం తిప్పలు.

ఉత్తరాన పాఠం చెప్పిన అక్క

ఫౌండేషన్ ఉత్తరం, స్కూల్లో పని అంటే బి కావాలా ఓ కావాలా అని వాళ్ళనే రాతపూర్వకంగా చెప్పమను. ముద్ర సంగతీ అంతే, అపోస్టిల్ చాలా, మన విదేశాంగ శాఖ ముద్ర తర్వాత థాయి ఎంబసీ ముద్ర కూడా కావాలా అని అందులోనే అడుగు. జవాబు మెయిల్లో ఉండాలి, ఫోన్లో వద్దు. మే నెలకు అందకపోయినా కంగారు పడకు, నవంబరులో రెండో టర్మ్ ఉంటుంది.

తెలుగు పదం

రీఇష్యూ, రెన్యువల్ రెండూ ఒకటి కావు, గమనించండి. రెన్యువల్ అని చాలామంది అంటారు గానీ ఫారంలో ఉండేది రీఇష్యూ.

కోనసీమ చెల్లి

మెమో అమ్మ ట్రంకు పెట్టెలో దొరికింది. కొబ్బరి నూనె మరక పడింది గానీ నంబరు కనబడుతోంది. స్లాట్ తీసుకున్నాను. అయ్యగారితో మాట్లాడి కూడిక వాయిదా వేయించాను. అక్కా, అన్నయ్యా, మాస్టారూ, వందనాలు.

సూటి మాట

మరక పేరు మీద పడితే ఒప్పుకోరు. డూప్లికేట్‌కి కూడా ఇప్పుడే పెట్టుకోండి.

రాజోలు బ్రదర్

నాదీ ఈసీఆర్ పాస్‌పోర్టే. నేను సేవకు వెళ్ళేది కెన్యాకు. నేనూ మార్పించుకోవాలా?

సూటి మాట

కెన్యా ఆ 18లో లేదు.