ఇక్కడే తయారైన గృహోపకరణాలను గుర్తించడం ఎలా?

ప్రశ్న (సికింద్రాబాద్ నుంచి):
మా అమ్మాయి కొత్త కాపురానికి కుక్కర్, ఫ్యాన్లు కొనవలసి ఉంది. ఒకప్పుడు సనత్‌నగర్ ఆల్విన్ ఫ్రిజ్ మన ఊరి సరుకని అందరికీ తెలిసేది. ఇప్పుడు బేగంబజార్‌లో పేరు మనదే అయినా వస్తువు ఎక్కడ తయారైందో బోధపడటం లేదు. దేశంలోనే తయారుచేస్తున్న సంస్థలను దయచేసి సూచించగలరా?

జవాబు 1:
కుక్కర్‌కు అంత వెతుకులాట అక్కరలేదండీ. హాకిన్స్ సంస్థకు ఠాణే, హోషియార్‌పూర్, జౌన్‌పూర్‌లలో సొంత కర్మాగారాలున్నాయి.

జవాబు 2:
సంస్థ పేరుకన్నా పెట్టె మీది చిన్న అక్షరాలను నమ్మడం మేలు. తయారీదారు పేరు ఒకటి, మార్కెటింగ్ చేసేవారి పేరు మరొకటి అయితే, ఆ వస్తువును వేరొకరి చేత చేయించి తమ పేరు వేసుకున్నారన్నమాట. అది తప్పేమీ కాదు గానీ, కొనేవారికి తెలిసి ఉండాలి. ఐఎస్‌ఐ గుర్తు ఉన్నంత మాత్రాన స్వదేశీ అనుకోకండి, ఎందుకంటే విదేశీ కర్మాగారాలకు కూడా ఆ లైసెన్సు ఇస్తారు. అయితే లైసెన్సు బ్రాండుకు కాక ఫలానా కర్మాగారానికి ఇస్తారు కనుక, గుర్తు దగ్గర ఉండే సీఎం/ఎల్ సంఖ్యను, అంటే లైసెన్సు సంఖ్యను, ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే ఆ కర్మాగారం పేరు, చిరునామా వస్తాయి. దుకాణంలో నిలబడే చూసుకోవచ్చు.

జవాబు 3:
పై వారి మాటకు చిన్న చేర్పు. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లను ఇక్కడే బిగించినా లోపలి అయస్కాంతాలు, చిప్‌లు దిగుమతి సరుకు కావచ్చు. ఆ వివరం పెట్టె మీద ఉండదు. పూర్తి స్వదేశీయే కావాలని పట్టుబడితే ఫ్యాన్ల దగ్గర కొంత సర్దుకోక తప్పదు.