నోటి వాసన లేదని ఇంట్లోవాళ్లు రోజూ చెప్పడం మేలా, కీడా?

బొబ్బిలి తండ్రి (చర్చను ప్రారంభించినవారు):
మా అమ్మాయి ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది. తన నోటి నుండి దుర్వాసన వస్తోందని ఆమెకు గట్టి నమ్మకం. విజయనగరంలో ఇద్దరు దంతవైద్యులు పరీక్షించి ఏమీ లేదన్నారు. అయినా బస్సులో పక్కావిడ కిటికీ అద్దం జరిపినా, తరగతిలో పిల్లవాడు ముక్కు నలుపుకున్నా, అది తన వల్లనేనని కుంగిపోతుంది. రోజూ సాయంత్రం వాళ్లమ్మ ముఖం మీద గాలి ఊది, "వస్తోందా?" అని అడుగుతుంది, ఆవిడ "లేదమ్మా" అంటుంది. ఈ జవాబు చెబుతూ ఉండాలా, మానేయాలా అన్న విషయంలో ఇంట్లో మాకే ఏకాభిప్రాయం కుదరడం లేదు.

రాజాం మాస్టారు:
చెబుతూనే ఉండాలి. కన్నతల్లి కూడా మాట్లాడకపోతే, వాసన ఉండబట్టే దాస్తున్నారని ఆ పిల్ల అనుకోదా?

శ్రీకాకుళం మానసిక వైద్యుడు:
మాస్టారి అనుమానం సహజమే గాని, నేను అంగీకరించలేను. "లేదమ్మా" అన్న మాట ఇచ్చే ఊరట మర్నాడు ఎవరో ముక్కు మీద చెయ్యి వేసేవరకే ఉంటుంది. ఆ తర్వాత అదే ప్రశ్న మరింత గట్టిగా వస్తుంది. ఎవరి నోటి వాసనకు వారి ముక్కు అలవాటు పడిపోతుంది కనుక, మనిషి తనంతట తాను తేల్చుకోలేక ఎదుటివారి ముఖాల్లో సాక్ష్యం వెతుక్కుంటాడు. పైగా భయం వల్ల లాలాజలం తగ్గి నోరు ఎండుతుంది, ఎండిన నోటి నుండి కొంత వాసన రావడమూ ఉంది, దాంతో ఆ భయానికి ఆధారం దొరికినట్టవుతుంది. లేని వాసన తన నుండి వస్తోందని నమ్మే ఈ బాధకు ప్రైస్-ఫిలిప్స్ అనే వైద్యుడు 1971లోనే ప్రత్యేకంగా పేరు పెట్టాడు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ, ఐసీడీ-11, దీనిని ఓసీడీ (ఒకే ఆలోచన వదలకుండా వేధించి, ఒకే పనిని పదేపదే చేయించే మానసిక సమస్య) వర్గంలో చేర్చింది. చేతులు పదేపదే కడుక్కునేవారికి మనమే నీళ్లు పోస్తూ ఉండటం ఎలాంటిదో, రోజూ "లేదమ్మా" అనడమూ అలాంటిదే. క్రమపద్ధతిలో చేసే కౌన్సెలింగ్‌తో, అవసరమైతే మందులతో ఇది తగ్గుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

విజయనగరం దంతవైద్యురాలు:
పరీక్ష సరిగా జరగకుండానే అంతా మనసు మీదికి నెట్టివేయడమూ అన్యాయమే. నిజమైన దుర్వాసన చాలావరకు నాలుక వెనుక భాగాన పేరుకున్న పాచి నుండి, చిగుళ్ల జబ్బు నుండి వస్తుంది. అవి లేవని తేలాక మాత్రం మళ్లీ మళ్లీ క్లీనింగ్ చేస్తే నాకు ఆదాయమే తప్ప ఆమెకు ప్రయోజనం లేదు. ఇటువంటివారిలో కొందరు తోమి తోమి చిగుళ్లు అరగదీసుకుని వస్తారు.

రాజాం మాస్టారు:
సరే డాక్టరు గారూ, రేపు సాయంత్రం ఆ పిల్ల వచ్చి ఎదురుగా నిలబడితే తల్లి ఏమనాలి?

శ్రీకాకుళం మానసిక వైద్యుడు:
హఠాత్తుగా మానేయకూడదండీ. అమ్మాయి స్థిమితంగా ఉన్నప్పుడు ముందే మాట్లాడుకుని, ఆమె ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి. తర్వాత ఆమె అడిగినప్పుడు, "నీకు భయంగా ఉందని తెలుస్తోంది, వాసన మాత్రం చూడవద్దని మనం అనుకున్నాం కదా" అని చెప్పి పక్కన కూర్చోవాలి.

రాజాం మాస్టారు:
ఒప్పుకుంటే మంచిదే. ఒప్పుకునేవరకు ఆ తల్లి "లేదమ్మా" అనడాన్ని నేను తప్పుపట్టను.