బీకాం తర్వాత సోషియాలజీకి వెళ్ళొచ్చా? క్రైమ్, న్యాయం, అసమానతల మీద చదవాలని ఉంది (విజయవాడ)

కరకట్ట_అమ్మాయి:
అందరికీ నమస్తే. నేను విజయవాడలో బీకాం ఫైనల్ ఇయర్, మాది కృష్ణలంక. నాన్న బ్యాంక్ కోచింగ్‌కి డబ్బులు రెడీగా పెట్టారు. నాకేమో సోషియాలజీలో పీజీ చేసి ఈ కేసులు, పోలీసులు, జైళ్ళు, వీటికీ పేదరికానికీ కులానికీ ఉన్న సంబంధం ఏంటో చదవాలని ఉంది.

ఎందుకో చెప్తాను. మా వీధి చివర ఒక అన్న ఉండేవాడు, ఆటో తోలేవాడు. పంతొమ్మిదేళ్ళప్పుడు ఏదో కొట్లాటలో కేసైంది, దాంతోపాటే రౌడీషీట్ తెరిచారు. తర్వాత కేసు కొట్టేశారు గానీ షీట్ మాత్రం అట్టాగే ఉండిపోయింది. ఎలక్షన్లొచ్చినా, వినాయక చవితి వచ్చినా, పక్క సందులో ఎవరి బండి పోయినా ముందు ఆయన్నే పిలిచేవాళ్ళు, ఆదివారం కౌన్సెలింగ్ అని స్టేషన్ దగ్గర గంటలు గంటలు నిలబెట్టేవాళ్ళు, అది చూసి ఆటో ఓనరు బండి ఇవ్వడం మానేశాడు, కుదిరిన సంబంధం కూడా పోయింది. ఆ ఏడాదే కాలేజీ కుర్రాళ్ళు మా రోడ్డు మీదే తలలు పగిలేలా కొట్టుకున్నారు, పెద్దమనుషులొచ్చి రాజీ చేసి ఎవరి పిల్లల్ని వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళిపోయారు. ఇద్దరూ కొట్టుకున్నారు కదా, మరి ఒకడి జీవితం మాత్రమే ఎందుకు అట్టా అయింది అన్నది నా బుర్రలోంచి పోవట్లేదు.

కామర్స్ వాళ్ళకి సీటిస్తారా, దగ్గర్లో ఎక్కడుంది, అసలు అందులో ఏం చెప్తారు? ఉద్యోగం ఏమొస్తుందని నాన్న అడుగుతున్నారు, ఏం చెప్పాలో తెలియట్లేదు.

నంబూరు_హాస్టల్:
చెల్లీ, బీకాం అడ్డం కాదు. నేను బీఎస్సీ కంప్యూటర్స్ చేసి నాగార్జున యూనివర్సిటీలో ఎంఏ సోషియాలజీ చేశాను. నీకు రోజూ బస్సులో వెళ్ళొచ్చే దూరమే. ఏపీ పీజీసెట్ అనే ఎంట్రన్స్ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఢిల్లీ జేఎన్‌యూ అయితే సీయూఈటీ పీజీ అనే ఎంట్రన్స్. ముంబై టిస్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) సోషల్ వర్క్ లోపల క్రిమినాలజీ, జస్టిస్ అని విడిగానే ఉంది, నీ ప్రశ్నకి అదే బాగా దగ్గర. ఇంట్లో అస్సలు ఒప్పుకోకపోతే ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీలో దూరవిద్యగా ఏ డిగ్రీ ఉన్నా ఎంఏ సోషియాలజీ చేయొచ్చు, బ్యాంక్ కోచింగ్ పక్కన అది కూడా నడుస్తుంది.

ఏం చెప్తారంటే, మొదటి సెమిస్టర్లో డర్క్‌హైమ్ అనే ఫ్రెంచ్ సోషియాలజిస్ట్ వస్తాడు. నేరం లేని సమాజం ఉండదు, ఏది నేరం అనేది సమాజమే గీసుకునే గీత అని 1895లోనే రాశాడాయన. అమెరికన్ సోషియాలజిస్ట్ మెర్టన్ 1938లో ఇంకోటి చెప్పాడు, అందరికీ డబ్బు సంపాదించు పైకి రా అని ఒకటే కల చూపించి, పైకెళ్ళే మెట్లు మాత్రం కొందరికే ఇస్తే మిగతావాళ్ళలో కొందరు అడ్డదారి పడతారని. నీ ఆటో అన్న సంగతి అయితే అచ్చంగా ఇంకో అమెరికన్ సోషియాలజిస్ట్ హోవర్డ్ బెకర్ 1963లో రాసిందే. చేసిన పని కన్నా దాని మీద వేసిన ముద్రే మనిషిని ఎక్కువ మారుస్తుందని, ఒకసారి ముద్ర పడ్డాక పని దొరక్క, స్నేహాలు పోయి ఆ ముద్ర ఉన్నవాళ్ళ మధ్యకే నెట్టబడతాడని. రౌడీషీట్‌కి కోర్టు తీర్పు అక్కర్లేదు, పోలీసులే తెరుస్తారు, అందుకే కేసు పోయినా అది దానంతటదే పోదు. ఆ పాఠం చెప్పిన రోజు నేను క్లాసులో రాసుకోవడం ఆపేసి కూర్చుండిపోయాను, మా పేటలో ముగ్గురు గుర్తొచ్చారు.

సదర్లాండ్‌ని కూడా వదలొద్దు. 1939లో ఆయన వైట్ కాలర్ క్రైమ్ (పెద్ద ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో ఉన్నవాళ్ళు చేసే నేరం) అనే మాట తెచ్చేదాకా నేరం అంటే పేదవాళ్ళదే అన్నట్టు లెక్కలుండేవి. 2015 డిసెంబరులో మన బెజవాడలో కాల్ మనీ బయటపడింది గుర్తుందా, ఫోన్ చేస్తే అప్పు, చేతిలో ఖాళీ చెక్కులూ ప్రాంసరీ నోట్లూ, తీర్చలేకపోతే ఆడవాళ్ళని వేధించడం. ఊరంతా తెలిసి అన్నేళ్ళు నడిచింది, అది వ్యాపారం అనే పేరుతో ఎట్టా చెల్లింది అన్నది మంచి డిజర్టేషన్ టాపిక్ అని నాకెప్పుడూ అనిపిస్తది.

ఉద్యోగం సంగతి నిజం చెప్తాను, ఎంఏ అవ్వగానే పిలిచి ఇవ్వరు. నెట్ అనే అర్హత పరీక్ష కొడితే లెక్చరర్ వైపు, లేదంటే స్వచ్ఛంద సంస్థల్లో రీసెర్చ్ పని, సివిల్స్‌కి ఆప్షనల్‌గా పనికొస్తది. నాన్నగారికి దాచకుండా ఇదే చెప్పు.

తెనాలి_ప్లీడరు:
అమ్మా, నేను ఇరవై ఏళ్ళుగా క్రిమినల్ ప్రాక్టీసు చేస్తున్నాను. పుస్తకాలతో పాటు వారానికోరోజు కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చో, ఓపెన్ కోర్టు, ఎవరైనా కూర్చోవచ్చు. బెయిల్ వచ్చాక ఏం జరుగుతుందో గమనించు. బెయిల్ ఆర్డర్ వచ్చినా ఇద్దరు జామీనుదారులు దొరక్క లోపలే ఉండిపోయే కూలీలు నాకు ప్రతి నెలా తగులుతారు. సొంతిల్లు ఉండి పన్ను రసీదు చూపించగల చుట్టం వాళ్ళకెక్కడ్నుంచి వస్తాడు? 1978లో మోతీరాం అనే తాపీమేస్త్రి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, పదివేలకి ష్యూరిటీ అడిగారు, తమ్ముడు ముందుకొస్తే ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ గట్టిగా తప్పు పట్టారు. అయినా ఇప్పటికీ మన దేశం జైళ్ళలో ఉన్నవాళ్ళలో నలుగురిలో ముగ్గురు శిక్ష పడని విచారణ ఖైదీలే, ఎన్‌సీఆర్‌బీ (నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో) ఏటా వేసే లెక్కల్లోనే ఉంది చూసుకో. దళితులు, ఆదివాసీలు జనాభాలో వాళ్ళ వాటా కన్నా జైల్లో ఎక్కువ కనపడతారు. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) చట్టంలో 479 సెక్షన్ ప్రకారం, ఉరి, యావజ్జీవం పడే కేసులు కాకుండా మిగతావాటిలో, ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం జైల్లో గడిపితే విడుదలకి అర్హుడు. ఆ రోజులు లెక్కపెట్టి వాడి తరఫున అడిగేవాళ్ళే తక్కువ.

ఇంకోటి, చుండూరు మాకు పక్కనే. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. బాధితులు పోరాడి ప్రత్యేక కోర్టుని ఊళ్ళోనే పెట్టించుకున్నారు. తీర్పు 2007 జులై 31న వచ్చింది, 21 మందికి యావజ్జీవం. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. తీర్పు రావడానికే పదహారేళ్ళు, ఆ పదహారేళ్ళూ సాక్షులు అదే ఊళ్ళో, ఆ మనుషుల మధ్యనే, వాళ్ళ పొలాలు చూసుకుంటూ బతకాలి. చట్టం పుస్తకంలో సాక్షి అని ఒక్క మాట ఉంటుంది, ఆ మాట వెనక ఉన్న బతుకు రాయాల్సింది మీరే.

సెటిల్మెంట్_మనవడు:
నేను ఇట్టాంటి చోట్ల ఎక్కువ రాయను, కానీ ఆ అమ్మాయి అడిగిన తీరు నచ్చి రాస్తున్నా. మాది స్టువర్టుపురం. ఎరుకల వాళ్ళం. మా ముత్తాతలు గాడిదల మీద, ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళు. రైళ్ళొచ్చి, ఉప్పు మీద సర్కారు అజమాయిషీ వచ్చి, అడవి చట్టాలొచ్చి ఆ బేరం పోయింది. పని పోయి తిరుగుతున్న మనుషుల్నే తెల్లోళ్ళు నేరస్థ తెగలన్నారు. 1871లో చట్టం తెచ్చారు, 1911 తర్వాత మద్రాసు వైపు మా మీద పడింది. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ కింద సెటిల్మెంట్ అని కాపలా కాలనీ పెట్టి హాజరు పిలిచేవాళ్ళు, బయటికెళ్ళాలంటే పాసు కావాలి. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలు ఇక్కడ్నుంచే. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది, పేరు మాత్రం మాకు అంటుకునే ఉంది. నేను ఇంటర్లో హాస్టల్లో ఉన్నప్పుడు ఎవరిదో వాచీ పోతే వార్డెన్ ఎవరి పెట్టీ తెరవలేదు, నాది తెరిచాడు. వాచీ బాత్రూంలో దొరికింది, నన్నెవరూ ఏమీ అడగలేదు, సారీ కూడా లేదు. ఇరవై ఏళ్ళయింది, ఇప్పటికీ ఆ పెట్టీ తాళం తీసిన చప్పుడు వినపడతది.

ఇక్కడ మంచి చేసినవాళ్ళూ ఉన్నారు. విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి హేమలతా లవణం గారు, లవణం గారు 1970ల్లో వచ్చి మావాళ్ళతో కూర్చున్నారు, మా పెద్దోళ్ళు ఇప్పటికీ ఆమెని అమ్మ అనే అంటారు. కానీ ఫారాలు పట్టుకొచ్చే కాలేజీ పిల్లలు చాలామంది మొదటి ప్రశ్నే, మీ ఇంట్లో ఎవరైనా జైలుకెళ్ళారా అని. తప్పుగా అనుకోవద్దు చెల్లెమ్మా, నువ్వు మమ్మల్ని చదవడం కన్నా ముందు ఆ రిజిస్టర్లు ఎవరు రాశారు, హాజరు ఎవరు పిలిచారు, మా పేరు చెప్తే పక్క ఊరోళ్ళు తలుపులు ఎందుకు వేసుకున్నారు అనేది చదువు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైలు మాన్యువల్స్‌లో కులం చూసి పనులు పంచే రూల్స్ చెల్లవంది, విముక్త జాతుల్ని (ఆ చట్టం పోయాక మాలాంటి వాళ్ళకి వచ్చిన పేరు) పుట్టుకతోనే నేరస్థులన్నట్టు చూసే రూల్స్‌ని కూడా తప్పు పట్టింది. 2024 దాకా ఆ రూల్స్ కాగితం మీద బతికే ఉన్నాయి.

కరకట్ట_అమ్మాయి:
అక్కా, సార్, అన్నా, ముగ్గురికీ థాంక్స్. రాత్రి నాన్నకి మొత్తం చదివి వినిపించాను. వాచీ సంగతి దగ్గర ఆయన మాట్లాడలేదు, కాసేపయ్యాక మా ఆటో అన్న పేరెత్తి, వాడి కేసప్పుడు జామీను ఇవ్వమని వాళ్ళమ్మ మనింటికి కూడా వచ్చింది, నేనే ఇవ్వలేదు అన్నారు. నాకు ఆ విషయం ఇప్పటిదాకా తెలియదు. పీజీసెట్‌కి కట్టుకో, ఇగ్నో తర్వాత చూద్దాం అన్నారు. సోమవారం కోర్టుకెళ్తున్నాను సార్, ఏ హాల్లో బెయిళ్ళు ఎక్కువ వస్తాయో చెప్తారా?

అన్నా, మీ ఊళ్ళో హాజరు రోజులు చూసిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారా? ఫారం తీసుకురాను.

సెటిల్మెంట్_మనవడు:
మా నాయనమ్మకి తొంభై దాటాయి. చెవులు సరిగ్గా వినపడవు, పాసు సంగతి అడిగితే మాత్రం పొద్దు గుంకేదాకా చెప్తది. మా ఊరికి స్టేషన్ ఉంది, బాపట్ల దాటాక. ఆదివారం ప్యాసింజర్‌కి రా, మీ నాన్నగార్ని కూడా తీసుకురా.