గాలివాటంగా పడ్డ బౌల్‌కి సారీ చెప్పాలా?

రింక్‌నంబర్4:
మెల్‌బోర్న్‌లో ఉంటాను, రెండేళ్లుగా మా ఇంటి దగ్గర క్లబ్బులో లాన్ బౌల్స్ ఆడుతున్నాను. ఆట తెలియనివాళ్ల కోసం: జాక్ అనే చిన్న బంతికి వీలైనంత దగ్గరగా మన బౌల్‌ని దొర్లించాలి, అది తిన్నగా పోదు, ఒక పక్కకి వంగుతూ పోతుంది. మొన్న క్లబ్ సింగిల్స్‌లో 21కి ఆట, ఇద్దరం 20 దగ్గరున్నాం, ఆఖరి బౌల్ నాది. చెత్తగా వేశాను. పక్కకి పోవాల్సింది కాస్తా ఆయన బౌల్‌కి తగిలి, మలుపు తిరిగి, జాక్ పక్కన జానెడు దూరంలో ఆగింది. "యెస్" అని అరిచి గెంతాను. ఆయనకి డెబ్బై ఉంటాయి, చేయి కలిపాడు కానీ తర్వాత మాతో కూర్చోకుండా వెళ్లిపోయాడు. మార్కర్‌గా (స్కోరు, కొలతలు చూసేవాడిగా) ఉన్న పెద్దాయన, అలాంటప్పుడు చెయ్యెత్తి సారీ అనాలయ్యా అన్నాడు. నేనేం మోసం చేశానని?

గోళీలాట:
అక్కర్లేదు బ్రదర్. నిజంగా అంత బాధుంటే పాయింటు వెనక్కిచ్చెయ్, ఇవ్వవుగా, మరి ఆ సారీ ఎవరికోసం? మా వీధిలో క్యారమ్స్ ఆడేటప్పుడు రెడ్ దానంతటదే పడితే ఈల వేసేవాళ్లం.

సుద్దముక్క:
గోళీ గారూ, అది క్షమాపణ కాదండీ. "ఇది నా గొప్ప కాదని నాకూ తెలుసు" అని చెప్పడం, అంతే. టేబుల్ టెన్నిస్‌లో బంతి నెట్టుకి తగిలి అవతల పడితే చెయ్యెత్తరా? ఎదుటివాడు మ్యాట్ మీద, అంటే బౌల్ వేయడానికి నిలబడే చాప మీద, ఉన్నప్పుడు కదలకూడదు, దృష్టి మళ్లించకూడదు అనేవి రూల్స్, వాటిని అంపైర్ చూసుకుంటాడు. చెయ్యెత్తమని ఏ రూలూ లేదు, అందుకే దాన్ని మర్యాద అంటున్నాం.

కోనసీమకొబ్బరి:
2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో మన అమ్మాయిలు నలుగురూ దక్షిణాఫ్రికా మీద 17-10తో బంగారం గెలిచి కౌగిలించుకుంటే ఇక్కడ అందరం మురిసిపోయాం కదా, ఇతను గెంతితే మాత్రం తప్పా?

సుద్దముక్క:
మ్యాచ్ గెలిచినందుకు సంబరం వేరు, వాడి బౌల్‌కి తగిలి మన బౌల్ బాగుపడినందుకు సంబరం వేరు. ఎదుటివాడి మంచి బౌల్‌కి కూడా బాగుందని మెచ్చుకునే ఆట ఇది.

గోళీలాట:
అబ్బో. బలంకొద్దీ బౌల్ విసిరి జాక్‌ని రింక్ (ఆడే పట్టీ) బయటికి తన్నేస్తే చాలా పోటీల్లో ఆ ఎండ్, అంటే ఆ రౌండు, మొత్తం మళ్లీ ఆడాలి. ఓడిపోయే ఎండ్‌ని కావాలనే అలా చెడగొట్టినవాడు సారీ చెప్పడు, పైగా భలే కొట్టాడంటారు. పాపం, పొరపాటున తగిలినవాడు మాత్రం చెప్పాలి!

సుద్దముక్క:
అది గురి చూసి కొట్టేది, అందరికీ రాదు. కానీ మీరన్నదాంట్లో కొంచెం నిజం లేకపోలేదు.

రింక్‌నంబర్4:
ఈ శనివారం వెళ్లి ఆయన్నే అడిగేశాను. బౌల్ గురించి కాదట, అలాంటివి తనకీ బోలెడు పడ్డాయట. ఆయన బౌల్ కూడా జాక్‌కి దగ్గర్లోనే ఉంది, కొలవాలో వద్దో చెప్పాల్సింది ఆయన, ఆయన ఇంకా మ్యాట్ దగ్గర్నుంచి నడిచి రాకముందే నేను గెలిచేశానని అరిచాను. చూస్తే నిజమే, టేపు తియ్యనే లేదు. బీరు ఇప్పిస్తానంటే నిమ్మరసం చాలన్నాడు.

గోళీలాట:
అంటే సారీ అక్కర్లేదనేగా! నేను మొదటే చెప్పా.