తమ్ముడు సైకిల్ రేసింగే కెరీర్ అంటున్నాడు, ఇందులో బతుకుతెరువు ఉందా?

గాజువాక_అక్క:
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి మొన్ననే పదిహేడు నిండాయి, ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. రెండేళ్ళుగా వాడికి సైకిల్ తప్ప వేరే ధ్యాస లేదు. తెల్లారగట్ల నాలుగింటికి లేచి బీచ్ రోడ్ మీదుగా భీమిలి దాకా వెళ్ళి కాలేజీ టైముకి ఇంట్లో ఉంటాడు, ఆదివారమైతే శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్. ఘాట్ ఎక్కడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో వంటింటి క్యాలెండర్‌లో ఆ ఆదివారం గడిలోనే రాసిపెడతాడు, పాల లెక్క పక్కన. జనవరి నుంచి ఇప్పటికి ఆరు నిమిషాలు తగ్గింది. ఇప్పుడు యూరప్ వెళ్ళి ప్రొఫెషనల్ అవుతానంటున్నాడు. నాన్న ఇంజనీరింగ్ తప్ప వేరే మాట వినరు. వారమైంది ఇద్దరికీ మాటల్లేక, మధ్యలో అమ్మకి, నాకు టెన్షన్. తెలిసినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

పాత_రైడర్:
అమ్మా, ముందు ఒక్క సంగతి చెప్పు, వాడు ఎప్పుడైనా గుంపులో తొక్కాడా? ఘాట్ టైము బాగుందంటే ఊపిరి, కాళ్ళు ఉన్నాయని అర్థం, అది చాలా పెద్ద విషయమే, కానీ రోడ్ రేస్ అంటే వందమందికి పైగా చక్రానికి చక్రం ఆనించినంత దగ్గరగా వెళ్ళడం. ముందువాడి వెనక నక్కి గాలి తప్పించుకుంటే బోలెడు శక్తి మిగులుతుంది, అది రానివాడు ఎంత బలవంతుడైనా సగం దూరానికే అయిపోతాడు. నా మొదటి నేషనల్స్‌లో అదే జరిగింది. మా జిల్లాలో ఎత్తు ఎక్కడంలో నన్ను మించినవాడు లేడు. అక్కడ ఒక మలుపులో భయపడి బ్రేక్ నొక్కాను, ముందువాడి చక్రానికి నాకూ ఐదారు మీటర్లు ఖాళీ పడింది. అంతే, ఆ ఐదు మీటర్లు పూడ్చడానికి రెండు కిలోమీటర్లు ఒక్కడినే ఎదురుగాలిలో తొక్కాను, అందుకోలేకపోయాను. సర్వీసెస్, రైల్వేస్ వాళ్ళ జెర్సీలు అలా చిన్నవైపోతుంటే చూస్తూ ఉండిపోయాను.

జూనియర్ కేటగిరీ అంటే 17, 18 ఏళ్ళు మాత్రమే, తర్వాత 22 దాకా అండర్-23. అంటే చేతిలో టైము తక్కువ. ఈ ఏడాదే జిల్లా సెలెక్షన్స్‌కి పంపించండి. బతుకుతెరువు సంగతంటావా, మన దేశంలో మంచి రైడర్లు చాలామంది రైల్వేలోనో ఆర్మీలోనో స్పోర్ట్స్ కోటాలో ఉన్నవాళ్ళే, జీతమూ వస్తుంది, ప్రాక్టీసూ సాగుతుంది. నేనూ అలాగే చేరాను. నాన్నగారికి ముందు ఈ మాట చెప్పి చూడు.

రుషికొండ_రవి:
అక్కా, 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా పూర్తి చేయాల్సిన లాంగ్ రైడ్) చేయించండి, సత్తా తెలిసిపోతుంది.

పాత_రైడర్:
రవీ, బ్రెవే మంచిదే, ఓపిక నేర్పుతుంది. కానీ అది రేస్ కాదు. పదమూడున్నర గంటల్లో పూర్తి చేస్తే చాలు, అక్కడ ర్యాంకులుండవు. పదిహేడేళ్ళవాడికి ఇప్పుడు కావాల్సింది వేగం, గుంపులో తొక్కే అలవాటు.

ఎంవీపీ_నుంచి_గెంట్:
నేను ఉద్యోగం మీద బెల్జియంలో ఉంటున్నాను. వేసవిలో ఇక్కడ వారం మధ్యలో కూడా ఏదో ఒక ఊళ్ళో కెర్మెస్ రేస్ ఉంటుంది. ఊరి చుట్టూ ఐదు నుంచి పది కిలోమీటర్ల ల్యాపులు, పక్కనే తినుబండారాల కొట్లు, అచ్చం మన తీర్థం లాగే. మీ తమ్ముడి వయసు పిల్లలు ఇక్కడ చిన్నప్పటి నుంచీ వాటిల్లో తొక్కుతూ పెరిగారు. తేడా అంతా అక్కడే, ఒంట్లో కాదు.

ఇంకోటి. ప్రొఫెషనల్ అంటే గెలిచేవాడని అనుకోవద్దు. ఎక్కువమంది పని లీడర్‌కి బాటిల్స్ అందించడం, గాలి కాయడం, అతను పంక్చరై ఆగితే మళ్ళీ గుంపులో కలపడం. అమెరికా రైడర్ సెప్ కుస్ ఏళ్ళ తరబడి అదే చేశాడు. 2023లో ఇటలీ రేస్ గీరోలో రోగ్లిచ్‌కి, టూర్ డి ఫ్రాన్స్‌లో వింగెగార్డ్‌కి సాయం చేసి ఇద్దరినీ గెలిపించి, అదే ఏడాది స్పెయిన్ రేస్ వుయెల్టా తనే గెలిచాడు. నాకైతే ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన కథ అదే. జట్లలో వరల్డ్ టీమ్, ప్రో టీమ్, కాంటినెంటల్ అని మూడు మెట్లున్నాయి. పై రెంటికీ యూసీఐ (ప్రపంచ సైక్లింగ్ సంఘం) కనీస జీతం పెట్టింది, కాంటినెంటల్‌కి లేదు, కాబట్టి ‘జట్టులో చోటు దొరికింది’ అని ఎవరన్నా డబ్బు సంగతి కాగితం మీద చూడకుండా పంపొద్దు.

అసాధ్యమని మాత్రం అనను. బినియమ్ గిర్మే ఎరిత్రియా కుర్రాడు, స్విట్జర్లాండ్ ఏగ్ల్‌లోని యూసీఐ సెంటర్‌లో తర్ఫీదు పొంది 2024 టూర్‌లో మూడు స్టేజీలు, పాయింట్లలో మొదటివాడికిచ్చే గ్రీన్ జెర్సీ గెలిచాడు. మన అండమాన్ కుర్రాడు ఈసో అల్బెన్ ఢిల్లీ అకాడమీలో తయారై 2019 జూనియర్ వరల్డ్స్‌లో టీమ్ స్ప్రింట్ స్వర్ణం తెచ్చిన జట్టులో ఉన్నాడు. అది రోడ్ కాదు ట్రాక్, అయినా దారి ఉందని తెలుస్తుంది కదా.

గాజువాక_అక్క:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇదంతా వాడికి చదివి వినిపించాను. యూరప్ గురించి ఒక్క ముక్క అడగలేదు, “ఆ మలుపులో బ్రేక్ నొక్కకుండా ఎలా తిరగాలట?” అని అడిగాడు. ఇప్పటిదాకా ఎప్పుడూ గుంపులో తొక్కలేదట, ఈ ఆదివారం ఘాట్ మానేసి బీచ్ రోడ్‌లో పొద్దున్నే వెళ్ళే గ్రూప్‌తో వెళ్తానన్నాడు. నాన్న ఏమీ అనలేదు గానీ రైల్వే మాట రాగానే పేపర్ పక్కన పెట్టి విన్నారు. పాత రైడర్ గారూ, జిల్లా సెలెక్షన్స్‌కి వాడి పాత అల్యూమినియం సైకిల్ సరిపోతుందా? సముద్రం గాలికి చైన్ తుప్పు పట్టింది, కొత్తది వేయించనా?

పాత_రైడర్:
బాగా సరిపోతుంది. చైన్, బ్రేక్ రబ్బర్లు మార్చండి, టైర్లు కొత్తవి వేయండి. బీచ్ రోడ్ నుంచి రాగానే మంచినీళ్ళతో కడిగి, తుడిచి, చైన్‌కి ఆయిల్ వేయమను, రోజూ.