మొదటిసారి కోడింగ్: టర్బో సీ తోనే మొదలుపెట్టాలా, వీఎస్ కోడ్ పెట్టుకోవాలా?

మొదటి_ఏడాది

అందరికీ నమస్కారం. ఈ ఏడాదే బీటెక్ సీఎస్‌ఈలో చేరాను. టెన్త్ దాకా తెలుగు మీడియం, ఇంటర్‌లో ఎంపీసీ. కాలేజీకి వచ్చేదాకా ఒక్క ప్రోగ్రాం కూడా రాసి ఎరగను. మా ల్యాబ్‌లో టర్బో సీ ఉంది, సీ భాషలో ప్రోగ్రాంలు రాసి నడిపే పాత సాఫ్ట్‌వేర్, ఆ నీలం తెరది. నాన్న నాకు సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనిచ్చారు, 4 జీబీ ర్యామ్. యూట్యూబ్ చూసి అందులో వీఎస్ కోడ్ అనే ఎడిటర్ ఎక్కించాను. హలో ప్రోగ్రాం రాసి రన్ నొక్కితే, జీసీసీ అంటే ఏమిటో తనకు తెలియదని ఎర్రర్ వస్తోంది. మూడు రోజులుగా అక్కడే ఆగిపోయాను.

హాస్టల్లో ఒక సీనియర్ అన్న "ఎగ్జామ్‌లో ఉండేది టర్బో సీయే, దాన్నే పట్టుకో" అంటున్నాడు. ఇంకో అన్న "దాని జోలికే పోకు, ఆ అలవాట్లు తర్వాత వదలవు" అంటున్నాడు. రూమ్మేట్ నోట్‌ప్యాడ్ చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి? మిడ్స్ దగ్గర పడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది.

ల్యాబ్_మేడమ్

ముందు కంగారు పడకు బాబూ. పద్నాలుగేళ్లుగా సీ ల్యాబ్ చూసుకుంటున్నాను, నీలాంటి పిల్లలు ప్రతి ఏడాదీ వస్తారు.

టర్బో సీని బయట అందరూ తిడతారు. ల్యాబ్‌లో నిలబడి చూస్తే సంగతి వేరు. అరవై మంది పిల్లలు, పాత కంప్యూటర్లు, నెట్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. సగం మంది కీబోర్డు మీద సెమికోలన్ ఎక్కడుందో వెతుక్కునే దశలో ఉంటారు. వాళ్లకు ఆల్ట్ ఎఫ్9 కొడితే కంపైల్, కంట్రోల్ ఎఫ్9 కొడితే రన్, ఆల్ట్ ఎఫ్5 కొడితే అవుట్‌పుట్. ఇన్‌స్టాల్ గొడవ లేదు, సెట్టింగుల గొడవ లేదు.

పోయినేడాది ఒకమ్మాయి ఫర్ లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేది) అంటే మొత్తం ఒకేసారి జరిగిపోతుందనుకునేది. 5 దాకా తిరిగే లూప్ ఇచ్చి, పక్కన కూర్చుని ఎఫ్7 నొక్కించాను. నొక్కినప్పుడల్లా ఒక్కో లైను, కింద వాచ్ కిటికీలో ఐ విలువ 1, 2, 3 అని మారుతోంది. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వచ్చి, 6 దగ్గర "ఇప్పుడు బయటికొచ్చేసింది మేడమ్!" అంది. లూప్ ఆమెకు అర్థమైంది ఆ నీలం తెర మీదే. అందుకే నా సలహా, ఈ సెమిస్టర్ అయ్యేదాకా ఎడిటర్ గురించి ఆలోచించకు.

పదేళ్ల_కోడర్

మేడమ్, మీలా పక్కన కూర్చుని ఎఫ్7 నొక్కించే టీచర్ దొరకడం ఆ అమ్మాయి అదృష్టం. కానీ మీ సలహాతో మాత్రం ఏకీభవించలేను. నేనూ ఆ నీలం తెర మీదే నేర్చుకుని వచ్చాను కాబట్టి చెబుతున్నాను.

తమ్ముడూ, రేపు ల్యాబ్‌లో ఒక పని చెయ్యి. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం (1 నుంచి ఇచ్చిన సంఖ్య దాకా అన్నీ గుణించేది) మీకు ఎలాగూ ఉంటుంది. జవాబును ఇంట్ (పూర్ణ సంఖ్యలు దాచే రకం) వేరియబుల్‌లో దాచుకుని, 7 ఇచ్చి చూడు. 5040 వస్తుంది. తర్వాత 8 ఇవ్వు. 40320 రావాలి. ఏమొస్తుందో ఇక్కడ రాయి.

బోర్లాండ్ సంస్థ టర్బో సీని 1987లో తెచ్చింది. డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే అప్పటి కంప్యూటర్లలో ఇంట్ అంటే 16 బిట్లు, 32767 దాటితే పట్టదు. ఆ కాలానికి అది సరైనదే, చాలా వేగంగా పనిచేసేది కూడా. ఇవాళ్టి 64 బిట్ల విండోస్ మీద అది నేరుగా నడవదు. డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాంతో లోపల ఒక పాత కంప్యూటర్‌ను నటింపజేసి, అందులో నడుపుతున్నాం. అంటే పిల్లవాడు నేర్చుకుంటున్నది తన చేతిలో లేని కంప్యూటర్ గురించి.

క్లియర్ స్క్రీన్ (తెర తుడిచేది), గెట్‌సీహెచ్ (కీ నొక్కేదాకా ఆగేది) సంగతి మరీ బాధ. ఆ రెండూ అసలు సీ ప్రమాణంలో లేవు. కాలేజీ అయ్యాక నేను మొదటిసారి లినక్స్ మెషీన్ ముందు కూర్చుని, నాకు కంఠతా వచ్చిన ప్రోగ్రామే కొట్టాను. వాటి కోసం పైన చేర్చే కానియో డాట్ హెచ్ అనే ఫైలే లేదంది. ఆ లైను లేకుండా సీ ప్రోగ్రాం రాయొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. నాలుగేళ్లు చదివిందంతా తప్పేమో అన్నంత భయం వేసింది. ఆ భయం ఇంకో కుర్రాడికి వద్దు.

ప్రోగ్రామర్ల వెబ్‌సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో 2024 సర్వేలో నూటికి 73 మందికి పైగా వీఎస్ కోడ్ వాడుతున్నామన్నారు. రేపు చాలా ఆఫీసుల్లో కనిపించేది అదే. మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవడంలో తప్పేముంది?

నల్లతెర

ఇద్దరూ పెద్ద విషయాలు మాట్లాడుతున్నారు, అవతల కుర్రాడి ల్యాప్‌టాప్ మూడు రోజులుగా ఆగిపోయి ఉంది. ముందు అది చూద్దాం.

తమ్ముడూ, వీఎస్ కోడ్ అంటే రాసుకునే పలక మాత్రమే. నువ్వు రాసిన సీ ని కంప్యూటర్ భాషలోకి మార్చేది కంపైలర్. జీసీసీ అంటే అదే. టర్బో సీలో పలక, కంపైలర్ కలిసే వచ్చాయి కాబట్టి రెండూ వేరని నీకు తెలిసే అవకాశం లేదు. వీఎస్ కోడ్‌లో కంపైలర్ రాదు, విడిగా పెట్టుకోవాలి. నీ మెషీన్‌లో బహుశా అది లేదు, లేదా ఉన్నా ఏ ఫోల్డర్‌లో ఉందో విండోస్‌కు తెలియదు.

ఎమ్‌సిస్2 అనే సాఫ్ట్‌వేర్ ద్వారా మింజీడబ్ల్యూ (విండోస్‌లో నడిచే జీసీసీ) ఎక్కించు. జీసీసీ ఏ బిన్ ఫోల్డర్‌లో పడిందో చూసి ఆ చిరునామా కాపీ చేసుకో. స్టార్ట్ మెనూలో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అని వెతికి, పాత్ అనే వరుస తెరిచి, కొత్త లైనులో ఆ చిరునామా అతికించు. పాత్ అంటే, ఏదైనా పేరు కొడితే విండోస్ వెళ్లి వెతికే ఫోల్డర్ల జాబితా. ఆ తర్వాత చాలామంది మరిచిపోయేది ఒకటుంది: వీఎస్ కోడ్ మూసి మళ్లీ తెరవాలి. అప్పటికే తెరిచి ఉన్న కిటికీకి కొత్త పాత్ తెలియదు.

నా మటుకు మొదటి నెల నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్, కమాండ్ ప్రాంప్ట్ చాలు. రాయడం ఒక చోట, కంపైల్ ఇంకో చోట చేస్తే ఏది ఎవరి పనో చేతికి తెలుస్తుంది. నీ రూమ్మేట్ చెప్పినదాంట్లో విషయం ఉంది.

బడి_పైథాన్

హైస్కూల్లో కంప్యూటర్ చెబుతాను. సీ తోనే మొదలుపెట్టాలన్న పట్టు లేనివాళ్ల కోసం ఒక మాట. పైథాన్‌కు థానీ అనే ఎడిటర్ ఉంది, ఎస్టోనియాలోని టార్టు యూనివర్సిటీలో కొత్తవాళ్ల కోసమే తయారైంది. పైథాన్ అందులోనే కలిసి వస్తుంది, పాత్ బాధ లేదు. వేరియబుల్స్ (విలువలు దాచుకునే పేర్లు) కిటికీ తెరిచి రెండు విలువలను తారుమారు చేసే ప్రోగ్రాంను ఒక్కో అడుగు నడిపిస్తే, మూడో గిన్నె, అంటే ఇంకో వేరియబుల్, ఎందుకు కావాలో ఎనిమిదో తరగతి పిల్లలు వాళ్లే చెప్పేస్తారు. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు. మా పిల్లలు "మార్కులు", "మొత్తం" అని రాస్తారు, చక్కగా నడుస్తుంది.

అమీర్‌పేట_ట్రైనర్

వీఎస్ కోడ్ పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ పెట్టుకున్న రోజే ఏఐ సూచనలు ఆపేయండి. 2024 డిసెంబర్ నుంచి కోపైలట్ అనే ఏఐ సాయం అందులో ఉచితంగా కూడా దొరుకుతోంది. ఫర్ అని రాయగానే బూడిద రంగులో మిగతాదంతా వస్తుంది, ట్యాబ్ నొక్కితే అయిపోతుంది. మా దగ్గరికి వచ్చే ఫైనలియర్ పిల్లల్లో తెలివైనవాళ్లున్నారు, ప్రాజెక్టులు చేసినవాళ్లున్నారు. క్యాంపస్ డ్రైవ్ కోడింగ్ రౌండ్‌లో బ్రౌజర్‌లో ఖాళీ పెట్టె ఒక్కటే ఇస్తారు. దాని ముందు కూర్చుని ట్యాబ్ నొక్కి, ఏమీ రాక, అలా చూస్తూ ఉండిపోయామని చెప్పిన పిల్లలున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. మొదటి ఏడాది ప్రతి బ్రాకెట్టూ మీ వేలితోనే పడాలి.

మొదటి_ఏడాది

అన్నా, ల్యాబ్‌లో 8 ఇచ్చి చూశాను. మైనస్ 25216 వచ్చింది! గుణించుకుంటూ పోతే మైనస్ ఎలా వస్తుంది? నేనే తప్పు రాశాననుకుని మూడుసార్లు చెరిపి రాశాను.

పదేళ్ల_కోడర్

నీ తప్పేమీ లేదు తమ్ముడూ. 16 బిట్లలో పట్టేవి 65536 విలువలే. అందులో సగం మైనస్ వైపు. 40320 ఆ గీత దాటింది కాబట్టి 65536 తీసేసినట్టు అటువైపు తేలింది. తీసి చూడు, సరిగ్గా మైనస్ 25216. మూడుసార్లు చెరిపి రాశానన్నావే, దాని గురించే నా బాధంతా.

ల్యాబ్_మేడమ్

ఆ మాట నిజమే. ఇంట్ హద్దు గురించి నేను డేటా టైప్స్ పాఠంలో చెబుతాను, ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ రకం వాడిస్తాను. కానీ ఆ పాఠం ఫ్యాక్టోరియల్ తర్వాత వస్తుంది. పిల్లలు ముందు తమను తామే అనుమానించుకుంటున్నారని ఎప్పుడూ అనుకోలేదు. ఈసారి వరస మారుస్తాను. క్లియర్ స్క్రీన్ కూడా మాన్యువల్‌లోంచి తీసేయమని డిపార్ట్‌మెంట్‌లో అడుగుతాను. అయితే కొత్త కంపైలర్ పెడితే ఇంట్‌కు హద్దే ఉండదని మాత్రం పిల్లవాడికి నూరిపోయకండి. హద్దు దూరం జరుగుతుంది, అంతే.

ల్యాప్‌టాప్ 4 జీబీ అన్నావు కదా బాబూ, మింజీడబ్ల్యూ కలిసి వచ్చే కోడ్ బ్లాక్స్ అనే ఎడిటర్ కూడా చూడు. వీఎస్ కోడ్ పక్కన బ్రౌజర్ కూడా తెరిస్తే నీ మెషీన్ మెల్లగా నడుస్తుంది.

మొదటి_ఏడాది

నల్లతెర అన్నా, పాత్ సరిచేసి వీఎస్ కోడ్ మూసి తెరిచాను. హలో వచ్చింది! రాత్రి పదకొండింటికి అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఏఐ సూచనలు ఆపేశాను. ల్యాబ్‌లో టర్బో సీ తప్పదు కాబట్టి అక్కడ అది, రూమ్‌లో ఇది.

ఫ్యాక్టోరియల్ ఇక్కడా వేశాను. 8కి 40320 వచ్చింది. అలా పెంచుకుంటూ పోయాను. 12కి 479001600. 13కి 1932053504 వచ్చింది. మైనస్ లేదు కాబట్టి ముందు సరే అనుకున్నాను. తర్వాత చూస్తే, 12 జవాబు చివర రెండు సున్నాలున్నాయి. దాన్ని 13తో గుణిస్తే చివర ఆ సున్నాలు ఉండాలి కదా. ఇక్కడ 04 ఉంది.

మేడమ్, మీరు చెప్పిన హద్దు ఇదేనా? ఈసారి నేనేమీ చెరపలేదు.