నెలసరి రక్తస్రావానికి ట్రనెక్సామిక్ ఆసిడ్: డాక్టరు చీటీ లేకుండా అమ్మొచ్చా?

తులసి: అమ్మాలనే నా వాదన. స్వీడన్‌లో అమ్ముతున్నారు కూడా. ఇది నెలసరిలో ఎక్కువగా రక్తం పోవడాన్ని తగ్గించే మాత్ర, నెలంతా మింగే మందు కాదు. రక్తస్రావం మొదలయ్యాక వేసుకుంటాం, నాలుగైదు రోజుల్లో ఆపేస్తాం. మొదటి రెండు రోజులు నాకు గంటకో ప్యాడ్, రాత్రి పక్క మీద మడతపెట్టిన తువ్వాలు. డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికేసరికి ఆ నెల గడిచిపోతుంది.

రమణి: మీ బాధ అర్థమైంది తులసిగారూ, కానీ ఒప్పుకోలేను. ఈ మందు కొత్తగా గడ్డ కట్టించదు, కట్టిన గడ్డ తొందరగా కరిగిపోకుండా ఆపుతుంది. అందుకే గతంలో కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్లు వాడకూడదు. ఈస్ట్రోజన్ హార్మోన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్లూ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లూ డాక్టరును అడగాలి. హడావుడిలో మందుల షాపులో ఇవన్నీ ఎవరు అడుగుతారు?

శ్రీను: భయం కాస్త ఎక్కువైందండీ. ప్రసవం తర్వాత రక్తస్రావమైన 20 వేల మంది స్త్రీలపై చేసిన పరిశోధన 2017లో వచ్చింది. 3 గంటల్లోపు ఈ మందు ఇస్తే రక్తస్రావంతో చనిపోవడం తగ్గింది, గడ్డల బెడద పెరగలేదు.

రమణి: అది ఆసుపత్రిలో ఒకటి రెండు డోసులు ఇచ్చి చూసింది. 2020లో జీర్ణకోశ రక్తస్రావానికి 24 గంటలపాటు ఎక్కించి చూస్తే మరణాలు తగ్గలేదు, సిరల్లో గడ్డలు మాత్రం పెరిగాయి. నెలసరికి ఈ రెండూ నేరుగా కొలతకు రావు.

లలిత: నా భయం గడ్డల గురించి కాదు. మాత్రతో నాకు రక్తం పోవడం దాదాపు సగానికి తగ్గింది. ఏడాదిన్నర హాయిగా గడిచింది, అసలు ఎందుకు పోతోందో ఎవరికీ చూపించుకోలేదు. ఒకరోజు మెట్ల మధ్యలో ఆయాసంతో గోడ పట్టుకుని నిలబడిపోయాను. హిమోగ్లోబిన్ 7కి పడిపోయింది. స్కాన్ తీస్తే గర్భసంచిలో ఫైబ్రాయిడ్ అనే కంతి. మందును తప్పుపట్టను, అది చెప్పిన పని చేసింది. సగం తగ్గాక కూడా పోయేది ఎక్కువేనని నాకే తట్టలేదు, ఐరన్ మాత్రలూ వేసుకోలేదు. మొదటిసారి రక్తపరీక్ష, పొట్ట పరీక్ష తప్పనిసరి చేయండి. ఆ తర్వాత ఏడాదికి సరిపడా చీటీ ఒకేసారి రాసివ్వండి. ప్రతి నెలా తిప్పడం మాత్రం అన్యాయం.

తులసి: లలితక్కా, ఏడాది చీటీ అయితే నాకు సమ్మతమే. రేపే రక్తపరీక్ష చేయించుకుంటాను, ఇన్నాళ్లూ చేయించుకోలేదు. రమణిగారూ, మీరేమంటారు?

రమణి: దానికి ఒప్పుకుంటాను. కానీ 45 ఏళ్లు దాటాక రక్తస్రావం కొత్తగా ఎక్కువైనా, నెలసరికీ నెలసరికీ మధ్య రక్తం కనిపించినా, చీటీ చేతిలో ఉన్నా సరే, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.